నీళ్లు తీసేసి చూస్తే బంగాళాఖాతం



2015 తొలి నెలల్లో శ్రీలంకకు తూర్పున, ఏ తీరమూ కనిపించని నడిసముద్రంలో ఒక ఓడ వారాల తరబడి ఉండిపోయింది. పేరు జాయిడెస్ రిజల్యూషన్. చమురు బావుల దగ్గర ఉండేలాంటి ఎత్తైన ఇనుప గోపురం దాని నడుమ ఉండేది. ఆ గోపురం కింద ఓడ అడుగుకు పెద్ద రంధ్రం. అందులోంచి గొట్టానికి గొట్టం తగిలిస్తూ మూడున్నర కిలోమీటర్లకు పైగా నీళ్లలోకి దించారు. అక్కడి నేలను తొలిచి, మట్టిని పొడవాటి కడ్డీల్లా పైకి తీశారు. ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చిన ఆ కడ్డీలను నిలువునా కోసి బల్ల మీద పెడితే బూడిదరంగు బురద, మధ్యమధ్య అభ్రకం తళుకులతో సన్నటి ఇసుక పొరలు కనిపించాయి. కొన్ని పొరల్లో చెక్క పేళ్లున్నాయి. నిజమైన చెట్ల చెక్కే.

గంగా బ్రహ్మపుత్రలు సముద్రంలో కలిసే చోటు అక్కడికి ఉత్తరాన 1,500 కిలోమీటర్ల దూరం. ఆ చెక్క మీద పరిశోధన 2019లో అచ్చయింది. దాని ప్రకారం కోటీ 90 లక్షల ఏళ్ల కిందటి పొరల్లోనూ చెక్క ఉంది, ఇటీవలి పొరల్లోనూ ఉంది. చాలామటుకు పల్లపు నేలల చెట్లవి. కొన్ని మాత్రం హిమాలయాల పైవాలుల మీద పెరిగినవి. వరదకు కూలి, నది వెంట నలిగి, మట్టితో పాటు సముద్రగర్భంలో అంత దూరం ప్రయాణం చేసి వచ్చాయన్న మాట.

హిమాలయాలు ఎంత ఎత్తు ఉన్నాయో బడిపిల్లలు కూడా చెబుతారు. అరిగిపోయిన హిమాలయం ఎక్కడుందని అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. దానిలో పెద్ద వాటా బంగాళాఖాతం అడుగున ఉంది. ఈ సముద్రపు నేలను అర్థం చేసుకోవాలంటే ఆ ఒండ్రు వెంటే వెళ్లాలి. అది చివరికి ఎక్కడికి చేరిందో, అక్కడ ఏం చేసిందో తెలిస్తే 2004 డిసెంబరు నాటి సునామీ కథలో కూడా దానికి పాత్ర ఉందని తెలుస్తుంది.

ప్రయాణం విశాఖపట్నం నుంచి మొదలుపెడదాం. నీళ్లన్నీ తీసేశామనుకుని తూర్పుగా నడిస్తే మొదట వచ్చేది మెల్లగా దిగే నేల. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఖండతీరపు అంచు అంటారు. విశాఖ దగ్గర దీని వెడల్పు 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. లోతు 100, 150 మీటర్లకు మించదు. జాలర్లు సీసపు గుండు కట్టిన తాడు వదిలి ఇన్ని బారల లోతు అని లెక్క చెప్పేది ఇక్కడే. భూగర్భశాస్త్రం చూపులో ఇదింకా భూమిలో భాగమే, తాత్కాలికంగా మునిగి ఉంది, అంతే. సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి దిగింది. అప్పుడు తీరం ఈ అంచు చివర ఎక్కడో ఉండేది. ఆ రోజుల్లో విశాఖ నుంచి సముద్రస్నానానికి పోవాలంటే ఒక రోజు నడవాల్సి వచ్చేది. ఇది ఊహ కాదు. అంచు చివరి మట్టిలో సున్నపు పొరలు చుట్టుకున్న గుండ్రటి రేణువులు దొరికాయి. అలలు ఆడే లోతులేని నీళ్లలో తప్ప అవి తయారుకావు. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూవిజ్ఞానులు 1950ల్లోనే వాటిని పట్టుకున్నారు.

ఆ దశాబ్దం గురించి ఒక మాట చెప్పుకోవాలి. యూజీన్ లఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు అప్పట్లో వాల్తేరు వచ్చి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, విద్యార్థులను వెంటబెట్టుకుని నౌకాదళం ఓడల మీద సముద్రంలోకి వెళ్లేవాడు. భూగర్భశాస్త్ర శాఖను నడిపింది ఆచార్య సి. మహదేవన్. ఆయన సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసినవాడు. ఓడ నుంచి శబ్దాన్ని కిందికి పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు కట్టే పద్ధతితో వాళ్లు ఈ వాలును కొలిచారు. నీళ్లలో శబ్దం సెకనుకు 1,500 మీటర్ల చొప్పున పోతుంది కాబట్టి, నాలుగు సెకన్లకు జవాబు వస్తే లోతు మూడు కిలోమీటర్లు. అలా కొలుస్తూ పోతే ఒకేలా దిగుతుందనుకున్న వాలు కొన్ని చోట్ల హఠాత్తుగా లోయల్లోకి పడిపోయింది. వాటిలో మూడింటికి లఫాండ్ పేర్లు పెట్టాడు. ఒకటి ఆంధ్ర, ఒకటి కృష్ణ, మూడోది మహదేవన్. కొండకో వీధికో మనిషి పేరు పెట్టడం మామూలే. తెలుగునేల మీద పనిచేసిన ఆచార్యుడి పేరు ఎవరూ చూడని ఒక సముద్రలోయకు ఉందన్న సంగతి మాత్రం విశాఖలోనే చాలామందికి తెలియదు.

అంచు దాటగానే వాలు మొదలవుతుంది. ఖండం నిజంగా ముగిసేది ఇక్కడ. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఈ చోట సముద్రమే లేదు, అంటార్కిటికా ఉండేది. తూర్పు కనుమల రాళ్లకు సరిజోడు రాళ్లు ఇవాళ అక్కడి మంచు అంచున బయటపడి ఉన్నాయి. రెండూ విడిపోయి మధ్యలో కొత్త సముద్రం తెరుచుకుంది. ఆ చీలిక అంచే మన తూర్పుతీరం.

కృష్ణా గోదావరుల ముందున్న వాలులో మరో సంగతుంది. ఇక్కడి మట్టిలో కుళ్లిన జీవపదార్థం నుంచి పుట్టిన మీథేన్, లోతుల్లోని చలికీ ఒత్తిడికీ నీటితో కలిసి మంచులా గడ్డకడుతుంది. చూడటానికి మంచే, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుంది. 2006లో ఇదే జాయిడెస్ రిజల్యూషన్ ఇక్కడికి వచ్చి తవ్వినప్పుడు, ఒకచోట దాదాపు 130 మీటర్ల మందాన మట్టి పగుళ్ల నిండా ఈ గడ్డ దొరికింది. ప్రపంచంలో అప్పటిదాకా తెలిసిన గొప్ప నిల్వల్లో అదొకటి. దాన్ని లాభసాటిగా పైకి తీసే దారి మాత్రం ఇంకా ఎవరికీ చిక్కలేదు.

వాలు దిగితే చదును. ఎంత చదునంటే, దక్షిణంగా కిలోమీటరు నడిస్తే ఒకటి రెండు మీటర్లు దిగుతారు, అంతే. దీన్నే బెంగాల్ ఫ్యాన్ అంటారు. నదీముఖం దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకుని, భూమధ్యరేఖ దాటి పోతుంది. పొడవు సుమారు 3,000 కిలోమీటర్లు, వెడల్పు వెయ్యికి పైన. ఉత్తరపు కొసన మేట మందం 16 కిలోమీటర్లు దాటుతుందని అంచనా, అంటే ఎవరెస్టు ఎత్తుకు రెట్టింపు కన్నా కాస్త తక్కువ. ప్రపంచంలో సముద్రం అడుగున ఉన్న ఒండ్రుమేటల్లో దీన్ని మించింది లేదు. దీన్ని మొదట సమగ్రంగా వర్ణించి, దీని పెరుగుదలకూ హిమాలయాల అరుగుదలకూ ముడిపెట్టింది జోసెఫ్ కర్రే, డేవిడ్ మూర్ అనే ఇద్దరు అమెరికన్లు, 1971లో.

నది తెచ్చిన మట్టి తీరం దగ్గరే కూలబడాలి కదా, అంత దూరం ఎలా పోయిందని అనుమానం రావడం సహజం. శాస్త్రజ్ఞులకూ వచ్చింది. దానికి జవాబు మరో మహాసముద్రంలో, తెగిపోయిన తీగల రూపంలో దొరికింది. 1929 నవంబరు 18న కెనడా తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దగ్గర భూకంపం వచ్చింది. అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుళ్లు 12 తెగాయి. భూకంపం దగ్గరున్నవి వెంటనే తెగడంలో వింత లేదు. దూరంగా, లోతుగా ఉన్నవి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి తెగుతూ వచ్చాయి. చివరిది తెగేసరికి 13 గంటలు గడిచాయి. టెలిగ్రాఫ్ కంపెనీల దగ్గర ఏ తీగ ఏ నిమిషాన మూగబోయిందో లెక్క ఉంది. 1952లో బ్రూస్ హీజెన్, మారిస్ ఈవింగ్ ఆ లెక్క ముందేసుకుని కూర్చున్నారు. భూకంపానికి జారిన మట్టి నీటితో కలిసి చిక్కటి బురద ప్రవాహమై, వాలు వెంట దూసుకుపోతూ దారిలో తీగలను తెంపిందని తేల్చారు. ఒక దశలో దాని వేగం గంటకు 70 కిలోమీటర్ల దాకా ఉండి ఉంటుందని ఇవాళ్టి లెక్క. భూకంపాన్ని కొలవడానికి ఎవరూ పెట్టని తీగలు సముద్రపు నేల మీద జరిగే అతి పెద్ద పనిని కొలిచి పెట్టాయి.

బంగాళాఖాతంలో జరిగేదీ అదే. గంగా బ్రహ్మపుత్రలు ఏటా సుమారు 100 కోట్ల టన్నుల మట్టి మోస్తాయి. అందులో ఒక వంతు వరద మైదానాల మీదే ఆగుతుంది. ఒక వంతు డెల్టాను పెంచుతుంది. మూడో వంతు, బంగ్లాదేశ్ తీరానికి ఎదురుగా ఉన్న ఒక పెద్ద లోయలో పడుతుంది. గుండు వేస్తే అడుగు తగలని చోటని పాత కాలపు నావికులు పటాల మీద గుర్తు పెట్టుకున్నది ఈ లోయనే. తుపానులో, భూకంపాలో, పేరుకున్న మట్టి బరువో దాన్ని కదిలించినప్పుడల్లా బురద ప్రవాహం లేచి దక్షిణానికి పరుగెడుతుంది. ఆ ప్రవాహాలు ఫ్యాన్ మీద కాలువలు కోశాయి. కాలువలకు రెండు పక్కలా కరకట్టలు కూడా ఉన్నాయి. ఎవరూ కట్టినవి కావు, పొర్లిన బురదే పేరుకుని గట్లయింది. గట్లు మరీ ఎత్తయితే ఎక్కడో గండిపడి కాలువ దారి మారుస్తుంది. గోదావరి లంకల్లో మనిషి చూసే తంతంతా వేల మీటర్ల లోతున, చీకట్లో, మరింత పెద్ద ఎత్తున సాగుతోంది.

ఆకులు, చెక్క, గడ్డి కూడా ఈ మట్టితో పాటే పూడిపోతాయి. అమెజాన్ మోసే ఇలాంటి జీవపదార్థంలో ఎక్కువ భాగం దారిలోనో తీరంలోనో కుళ్లి, కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బెంగాల్ ఫ్యాన్‌లో 70 శాతానికి పైగా భద్రంగా ఉండిపోతుందని 2007లో వాలియర్ గాలీ బృందం లెక్క తేల్చింది. ఒండ్రు అంత వేగంగా, అంత మందంగా కప్పేస్తుంది కాబట్టే కుళ్లడానికి ప్రాణవాయువు అందదు. చెట్లు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌ను ఒక పర్వతశ్రేణి తన శిథిలాల కింద పాతిపెడుతోందన్న మాట.

ఈ చదునైన నేల కింద రెండు కొండల వరసలు ఉత్తర దక్షిణంగా సాగుతున్నాయి. ఒకటి 85 డిగ్రీల తూర్పు రేఖాంశం పొంతన. మన తీరానికి ఎదురుగా ఉన్న మేర అది పూర్తిగా ఒండ్రులో మునిగిపోయింది. కంటికి కనిపించదు, కంపనాలనూ గురుత్వాకర్షణనూ కొలిచే పరికరాలకు మాత్రమే తెలుస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఒకచోట అది పైకి లేచి పెద్ద శిఖరమవుతుంది. సోవియట్ శాస్త్రజ్ఞులు దానికి అఫనాసీ నికితిన్ పేరు పెట్టారు. 15వ శతాబ్దిలో రష్యా నుంచి బయల్దేరి బీదరు దాకా వచ్చి, తెచ్చిన గుర్రాన్ని అమ్ముకోవడానికి నానా తిప్పలు పడిన వర్తకుడాయన. ఆయన పేరున్న ఆ కొండ మీది రాళ్లకు పట్టిన నల్లటి పొరలో కోబాల్టు ఉంది. దానికోసం 2024లో భారతదేశం అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థకు దరఖాస్తు పెట్టింది. శ్రీలంక ఆ ప్రాంతం తనదంటోంది. గుర్రాన్ని అమ్ముకోలేక అవస్థపడిన వ్యాపారి పేరున్న కొండకు ఇవాళ ఇద్దరు ఆసాములు.

రెండోది 90 డిగ్రీల రేఖాంశం మీద స్కేలు పెట్టి గీసినట్టుంది. 5,000 కిలోమీటర్ల పొడవు. ప్రకృతిలో ఇంత తిన్నటి గీత అరుదు. దీన్ని గీసింది భారతదేశపు ప్రయాణమే. ఇప్పుడు కెర్గెలెన్ దీవులున్న చోట, అంటార్కిటికాకు ఉత్తరాన, భూగర్భం లోతుల నుంచి శిలాద్రవం ఎగజిమ్మే స్థానం ఒకటుంది. కుట్టుమిషనులో సూది ఉన్నచోటే ఆడుతుంటే గుడ్డ ముందుకు జరిగి దాని మీద కుట్టు వరస పడినట్టు, ఆ స్థానం మీదుగా భారతదేశాన్ని మోసే భూపలక ఉత్తరానికి జరుగుతూ పోయేకొద్దీ దాని మీద అగ్నిపర్వతాల వరస పడింది. అందుకే ఉత్తరపు కొసన రాళ్ల వయసు సుమారు 8 కోట్ల ఏళ్లు, దక్షిణాన 4 కోట్ల చిల్లర. ఆ రోజుల్లో భారత పలక ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా జరిగేది, ఇప్పుడు 5 సెంటీమీటర్ల దగ్గర ఉంది. 1972లో గ్లోమార్ ఛాలెంజర్ అనే ఓడ ఈ కొండను తవ్వినప్పుడు, 1,600 మీటర్ల లోతు నీళ్ల కింద, లావా రాళ్ల పైన నాసిరకం బొగ్గు దొరికింది. బొగ్గంటే ఒకప్పటి చెట్లే. అంటే ఈ కొండ ఒకప్పుడు నీటి పైన దీవుల వరుసగా ఉండి, పచ్చగా చెట్లు పెంచి, చల్లబడి, మెల్లగా కుంగి మునిగిపోయిందన్న మాట.

ఇన్నేసి కోట్ల ఏళ్ల లెక్కలు ఎలా చెబుతారని శ్రోతలు అడగవచ్చు. ఆ విద్య పుట్టింది కూడా హిందూ మహాసముద్రంలోనే. 1962లో హెచ్.ఎం.ఎస్. ఓవెన్ అనే బ్రిటిష్ ఓడ అరేబియా సముద్రానికి దక్షిణాన కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీద అయస్కాంత కొలతలు తీసింది. బీరు కంపెనీ పెట్టిన నిధితో నడిచిన డేనిష్ యాత్ర గుర్తుగా ఆ పర్వతశ్రేణికి ఆ పేరొచ్చింది. ఆ కొలతలనే ఆధారం చేసుకుని ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో ఒక చిన్న వ్యాసం రాశారు. శ్రేణి నడుమ లావా పైకొచ్చి గడ్డకట్టేటప్పుడు అప్పటి భూ అయస్కాంతపు దిశ రాతిలో అచ్చుపడుతుంది. ఆ దిశ యుగయుగాలుగా తలకిందులవుతూ ఉంటుంది. కాబట్టి సముద్రపు నేల రెండు పక్కలా చారలు చారలుగా పరుచుకుని ఉంటుంది, ఆ చారలే క్యాలెండరు. నేల కొత్తగా పుడుతూ పక్కకు జరుగుతుందన్న మాటను రుజువు చేసే దారి తెరుచుకుంది అప్పుడే.

ఇప్పుడైతే ఉపగ్రహాలు కూడా సాయం చేస్తాయి. రెండు కిలోమీటర్ల ఎత్తున్న సముద్రపర్వతం తన గురుత్వంతో చుట్టుపక్కల నీటిని లాగుతుంది. పైన నీటిమట్టం రెండు మీటర్లు ఉబ్బుతుంది. ఉపగ్రహం ఆ ఉబ్బును కొలిచి కింద కొండ ఉందని చెబుతుంది. ఇదే లెక్కన శ్రీలంకకు దక్షిణాన నీటిమట్టం సగటుకన్నా వంద మీటర్లకు పైగా పల్లంగా ఉంది. ఓడ ఆ పల్లంలోకి దిగి ఎక్కుతుంది, ఎక్కినవాళ్లెవరికీ తెలియదు. ఇంత చేసినా, ఓడల శబ్దకిరణాలతో వివరంగా కొలిచిన సముద్రపు నేల ప్రపంచం మొత్తం మీద నాలుగో వంతుకు కాస్త పైన, అంతే.

ఇక ప్రయాణం తూర్పు కొసకు వచ్చింది. అండమాన్, సుమత్రా పక్కన భారత పలక వంగి, పక్క పలక కిందికి దూరిపోతుంది. అలా దూరే చోట అగాధం ఉండాలి. జావా దగ్గర ఉంది కూడా, లోతు ఏడు కిలోమీటర్లు దాటుతుంది. ఉత్తరానికి వచ్చేసరికి అగాధం లోతు తగ్గిపోతుంది. కారణం హిమాలయపు ఒండ్రే. కిలోమీటర్ల మందాన వచ్చి పడి అగాధాన్ని పూడ్చేసింది. పలక కిందికి పోతున్నప్పుడు పైన గీరుకుపోయిన మట్టి, రాయి పోగుపడి లేచిన దిబ్బే అండమాన్ దీవుల్లో చాలా భాగం. లోపలికి పోయిన పలక పుణ్యాన బారెన్ దీవిలో అగ్నిపర్వతం ఇప్పటికీ పొగ కక్కుతోంది.

2004 డిసెంబరు 26, పౌర్ణమి, ఆదివారం. ఉదయం ఆరున్నరకు ఈ సరిహద్దు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున తెగింది. తీవ్రత 9.1. నేల మీటర్ల కొద్దీ పైకి లేచి తన మీదున్న నీటిని ఎత్తింది. మూడు కిలోమీటర్ల లోతున సునామీ వేగం గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది. 50 మీటర్ల లోతుకు వచ్చేసరికి 80కి పడిపోతుంది. వేగం తగ్గేకొద్దీ అల ఎత్తు పెరుగుతుంది. రెండున్నర గంటల్లో కోస్తా ఆంధ్రను తాకింది. సముద్రస్నానాలకు వచ్చినవాళ్లు, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు, మొత్తం వందమందికి పైగా ఆంధ్రప్రదేశ్‌లో పోయారు.

అంత పెద్ద సునామీ ఎందుకొచ్చిందన్నది శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. మామూలుగా పలకల సరిహద్దులో పైభాగం, అంటే సముద్రపు నేలకు దగ్గరి భాగం, మెత్తటి తడిమట్టితో ఉంటుంది. అది గట్టిగా పట్టుకోదు కాబట్టి పెద్ద భూకంపాన్ని అక్కడిదాకా రానివ్వదని అనుకునేవారు. 2004లో పగులు ఆ పైభాగం దాకా వచ్చేసింది. 2016లో జాయిడెస్ రిజల్యూషన్ మళ్లీ వచ్చి, సుమత్రాకు పడమట, అగాధంలోకి ఇంకా పోని ఒండ్రును తవ్వింది. లోతైన పొరల్లో మట్టి రేణువుల మధ్య ఇరుక్కున్న నీటిలో ఉప్పు సముద్రజలంలో కన్నా తక్కువగా ఉంది. అంటే ఖనిజాల్లో బందీగా ఉన్న మంచినీరు అక్కడే విడుదలైపోయింది. మేట అంత మందంగా ఉండటంతో అడుగు పొరలు వేడెక్కి, అగాధంలోకి దిగకముందే నీరు కోల్పోయి గట్టిపడ్డాయి. గట్టిపడ్డ మట్టి సరిహద్దును పైదాకా బిగించి పట్టుకుంది. ఆ పట్టు వదిలినప్పుడు నేల పైదాకా తెగిందని ఆ బృందం 2017లో వాదించింది. ఈ లెక్కన హిమాలయాల మీద కురిసిన వాన కోసుకొచ్చిన మట్టి, బంగాళాఖాతం పొడవునా ప్రయాణం చేసి, అటు తూర్పు కొసన బిగుసుకుని, ఇటు మచిలీపట్నం తీరం మీదికి వచ్చిన అలకు బలం పోసింది.

ఆ సునామీ తర్వాత, 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు పైన ఉన్న నీటి బరువును కొలుస్తూ, సునామీ అల మీదుగా పోతే ఆ తేడాను ఉపగ్రహం ద్వారా కేంద్రానికి చెబుతాయి. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రాకు పడమట 8.6 తీవ్రతతో నేల కంపించింది. సుమారు రెండు గంటల తర్వాత 8.2 తీవ్రతతో ఇంకొకటి. కేంద్రం హెచ్చరిక ఇచ్చింది, కొన్ని గంటల తర్వాత ఎత్తేసింది. పెద్ద అలేదీ రాలేదు. ఈసారి తెగింది అగాధం కాదు, దానికి పడమట నడిసముద్రంలో ఉన్న పలకే. ఆ పగులులో నేల పైకి లేవకుండా పక్కకు జారింది, నీటిని ఎత్తలేదు. ఆ పలకలోని భారత, ఆస్ట్రేలియా భాగాలు ఒకే వేగంతో కదలడం లేదు. రెండూ విడిపోయి వేరు వేరు పలకలవుతున్నాయనడానికి ఆ భూకంపాలు సాక్ష్యమని పరిశోధకులు రాశారు. శ్రీలంకకు దక్షిణాన ఫ్యాన్ పొరలు సుమారు 80 లక్షల ఏళ్లుగా మడతలు పడుతూనే ఉన్నాయి. ఒక్కో మడత నుంచి పక్క మడతకు వంద కిలోమీటర్లకు పైగా దూరం. వాటి మీదుగా కొత్త ఒండ్రు ఇప్పటికీ వచ్చి పడుతోంది.